దూరవైద్యం: అరగొండ నుంచి ఈ-సంజీవని దాకా

ఊళ్లోని ఆరోగ్య కేంద్రంలో కూర్చుని పట్నంలోని స్పెషలిస్టుకు చూపించుకునే పద్ధతి కరోనా కాలంలో పుట్టిందని చాలామంది అనుకుంటారు. దేశంలో దాని తొలి అడుగుల్లో ఒకటి అంతకు ఇరవై ఏళ్ల ముందే చిత్తూరు జిల్లా అరగొండలో పడింది. అపోలో వ్యవస్థాపకుడు ప్రతాప్ సి. రెడ్డి స్వగ్రామమైన ఆ ఊరి టెలిమెడిసిన్ కేంద్రాన్ని, 2000 మార్చి 24న హైదరాబాద్ పర్యటనకు వచ్చిన అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ లాంఛనంగా ప్రారంభించారు. మరుసటి ఏడాది ఇస్రో తన ఉపగ్రహాల ద్వారా అరగొండను చెన్నై అపోలోతో కలిపే ప్రయోగం చేపట్టి, తర్వాత ఈశాన్య రాష్ట్రాలకు, దీవులకు కూడా ఆ సదుపాయాన్ని విస్తరించింది. అయితే అప్పటి ఏర్పాటు ఆసుపత్రికీ ఆసుపత్రికీ మధ్య నడిచేదే గాని, పేదవాడి గడప దాకా వచ్చేది కాదు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన 104 ఆరోగ్య సలహా కేంద్రం ఆ లోటును కొంత తీర్చింది. మామూలు ఫోనుతోనే సలహా దొరకడం వల్ల చదువురాని వారు కూడా దాన్ని వాడుకోగలిగారు.

అసలు చిక్కు చట్టంతో వచ్చింది. రోగిని నేరుగా చూడకుండా మందులు రాస్తే బాధ్యత ఎవరిదన్నది ఏళ్ల తరబడి తేలలేదు. బాలింత మరణించిన ఒక కేసులో, ఫోనులో చికిత్స చెప్పిన వైద్యులకు 2018లో బొంబాయి హైకోర్టు ముందస్తు బెయిలు నిరాకరించడంతో వైద్యుల్లో భయం మరింత పెరిగింది. 2020 మార్చి 25న, లాక్‌డౌన్ మొదలైన రోజునే, కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వెలువరించింది. రోగి సమ్మతి, వైద్యుడి రిజిస్ట్రేషన్ నంబరు, ఏ పద్ధతిలో మాట్లాడితే ఏ మందులు రాయవచ్చు, మత్తుమందుల వంటివి ఎందుకు రాయకూడదు అన్నవన్నీ అప్పుడే స్పష్టమయ్యాయి. ఇంత అవసరమైన పని అంత ఆలస్యం కావడం బాధాకరం.

మొహాలీలోని సీ-డాక్ అనే ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ రూపొందించిన కేంద్ర ప్రభుత్వ దూరవైద్య సేవ ఈ-సంజీవని 2019 నవంబరులోనే మొదలైనా, ఈ స్పష్టత వచ్చాకే ఊపందుకుంది. అందులో రెండు దారులున్నాయి. ఒకటి, రోగి తన ఫోను నుంచే డాక్టరుతో మాట్లాడడం. ఇది 2020 ఏప్రిల్‌లో వచ్చింది. రెండోది, ఊరి క్లినిక్‌లో ఎంఎల్‌హెచ్‌పీగా (మధ్యస్థాయి ఆరోగ్య సేవకురాలిగా) పనిచేసే నర్సు రోగి బీపీ, షుగరు చూసి, బాధ అడిగి, వివరాలు కంప్యూటర్లో ఎక్కించి, హబ్‌లోని, అంటే డాక్టర్లు కూర్చునే కేంద్రంలోని డాక్టరుకు వీడియోలో చూపించి, వచ్చిన చీటీ ప్రకారం అక్కడికక్కడే మందులు ఇవ్వడం. 2023 నాటికి సంప్రదింపులు 10 కోట్లు దాటాయి. వాటిలో ఎక్కువ భాగం ఈ రెండో దారిలో వచ్చినవే. ఆంధ్రప్రదేశ్ ముందు వరుసలో నిలిచిందీ ఈ దారిలోనే. స్మార్ట్‌ఫోను, ఓటీపీ అలవాటు లేని ముసలివారికి నర్సు పక్కనుండడమే ఆసరా. అందుకే ఈ సేవ నాణ్యతను కాల్స్ లెక్కతో కాక, ఆ క్లినిక్‌లో నర్సు పోస్టు భర్తీ అయిందా, డాక్టరు రాసిన బీపీ మాత్ర ఆ రోజు అలమరలో ఉందా అన్నవాటితో కొలవాలి.