హూవర్ డ్యామ్ ఇంకా ఆరలేదా?

"హూవర్ డ్యామ్ లోపల కాంక్రీటు ఇంకా ఆరలేదట, నిజమేనా?" అని అమెరికాలోని ఆ పెద్ద డ్యామ్ గురించి ఒక పాఠకుడు అడిగారు. ఈ ప్రశ్న నాకు కొత్త కాదు, ఒకరైతే మధ్యలో ఇప్పటికీ పచ్చిముద్దలాగే ఉందని గట్టిగా వాదించారు. పచ్చిగా లేదు. కానీ ఈ పుకారు వెనక ఒక అసలు లెక్క ఉంది, నాకు అదంటే చాలా ఇష్టం.

ముందు ఆ "ఆరడం" అన్న మాట తీసి పక్కన పెడదాం. బట్టలు ఆరతాయి, బురద ఆరుతుంది, కాంక్రీటు మాత్రం ఆరి గట్టిపడదు. సిమెంటు నీళ్లను తనలో కలిపేసుకుని కొత్త పదార్థంగా మారుతుంది, గట్టిదనం అక్కడి నుంచి వస్తుంది. అందుకే స్లాబ్ వేశాక రోజుల తరబడి తడుపుతారు, అందుకే నీళ్ల అడుగున పోసినా అది గడ్డకడుతుంది. ఈ చర్యలో వేడి పుడుతుంది. బళ్లో ఉష్ణమోచక చర్య అనగానే కాల్చిన సున్నపురాయి మీద నీళ్లు పోసి, బుసబుస చూపించి, పాఠం అయిపోయిందంటాం. తలమీదున్న స్లాబు కూడా ఒకప్పుడు అలాగే వేడెక్కిందని పిల్లలకి ఎవరూ చెప్పరు.

ఎంత వేడి? సిమెంటులోని ట్రైకాల్షియం సిలికేట్ గ్రాముకు సుమారు 500 జౌళ్లు ఇస్తుంది, డైకాల్షియం సిలికేట్ దాదాపు అందులో సగం, ట్రైకాల్షియం అల్యూమినేట్ 850 దాకా. ఘనమీటరు కాంక్రీటులో 220 కిలోల సిమెంటు ఉందనుకుని లెక్కేస్తే, వేడి బయటికి పోకపోతే మొత్తం ముద్ద సుమారు 30 డిగ్రీలు పెరుగుతుంది. ఇంటి గోడలో ఇది ఎవరికీ తెలియదు, పుట్టిన వేడి పుట్టినట్టే గాల్లో కలిసిపోతుంది. డ్యామ్‌లో అలా కాదు. కొలరాడో నది మీద 221 మీటర్ల ఎత్తుతో కట్టిన ఈ హూవర్ డ్యామ్ పైన 14 మీటర్ల మందమే గానీ, అడుగున 200 మీటర్లు. మధ్యలో పుట్టిన వేడికి దారి ఎక్కడుంది?

అసలు కిటుకు ఇక్కడే ఉంది. మందం రెట్టింపైతే చల్లారే సమయం రెట్టింపు కాదు, నాలుగింతలవుతుంది. పదింతలైతే వందింతలు. ఎందుకంటే మందం పెరిగితే వేడి ఎక్కువ దూరం పోవాలి, పైగా లోపలికీ బయటికీ ఉన్న అదే వేడి తేడా ఎక్కువ దూరం మీద పరుచుకుంటుంది కాబట్టి వాలు తగ్గి నడక కూడా మందగిస్తుంది, రెండు దెబ్బలూ కలిసి పడతాయి. 20 సెంటీమీటర్ల కాంక్రీటు పలకను చల్లటి నీళ్లలో ముంచితే లోపలి వేడిలో పెద్ద భాగం పోవడానికి ఒక గంట అనుకోండి. డ్యామ్ అడుగు దానికి వెయ్యింతల మందం. వెయ్యిని వెయ్యితో గుణిస్తే పది లక్షల గంటలు. సంవత్సరానికి 8,760 గంటలు, భాగించండి: 114 ఏళ్లు! అంతా ఒకే ముద్దగా పోసి ఉంటే చల్లారడానికి 125 ఏళ్లు పట్టేదని హూవర్ గురించి తరచూ చెప్తారు, మన చేతిలెక్క కూడా దాదాపు అక్కడికే వచ్చింది.

ఉంటే ఉండనీ, వేడిగా ఉంటే ఏమవుతుంది అంటారేమో. చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది, అదీ టెన్షన్, లాగుడు అనే అర్థంలోనూ, కంగారు అనే అర్థంలోనూ. డిగ్రీకి పది లక్షల్లో పది వంతులు కుంచించుకుంటుంది, అడుగునున్న బండరాయి కదలనివ్వదు, కాబట్టి ఆ మేరకు సాగాల్సి వస్తుంది. నొక్కితే ఎంతైనా ఓర్చుకునే కాంక్రీటు లాగితే అందులో పదో వంతుకే చేతులెత్తేస్తుంది, పది లక్షల్లో వంద వంతులు సాగితే చాలు, పగులుతుంది. అంటే కదలనివ్వకుండా పట్టుకుంటే దాదాపు పది డిగ్రీలు చల్లారడం సరిపోతుంది. మన దగ్గరున్నదేమో 30.

అందుకని ఇంజనీర్లు డ్యామ్‌ని ఒక్క ముద్దగా పోయలేదు, పక్కపక్కన నిలబెట్టిన స్తంభాల్లా, ఒక్కో విడతకు సుమారు మీటరున్నర ఎత్తు చొప్పున పోశారు. 1933 జూన్‌లో మొదలుపెట్టి 1935 మే నాటికి దాదాపు 25 లక్షల ఘనమీటర్లు. ఒక్కో విడత మీద అంగుళం వ్యాసమున్న ఉక్కు పైపులు పరిచారు, ముందు నది నీళ్లు, తర్వాత యంత్రాలతో చల్లబరిచిన నీళ్లు వాటిలో తిప్పారు. రోజుకు వెయ్యి టన్నుల మంచు చేయగల ప్లాంటు అది. పైపులన్నీ కలిపి 930 కిలోమీటర్ల పైచిలుకు. మళ్లీ అదే వర్గాల లెక్క: దూరం 200 మీటర్ల నుంచి మీటరున్నరకు దిగితే సమయం దాదాపు 18 వేల రెట్లు తగ్గుతుంది, కాగితం మీద రెండు మూడు రోజులు! నిజంగా అంత తొందరగా అవ్వదు, చల్లబరిచేది వెడల్పాటి గోడ కాదు, పైపు అనే సన్నని గీత, పైగా సిమెంటు ఇంకా వేడి పుట్టిస్తూనే ఉంటుంది. అయినా వందేళ్ల పని నెలల్లోకి దిగింది. వేడి తక్కువ పుట్టించే సిమెంటు కూడా అప్పుడే తయారు చేశారు.

చల్లారాక స్తంభాల మధ్య సందులు వచ్చాయి. అవి రావాలనే వదిలారు! పగులు ఎక్కడ రావాలో ముందే నిర్ణయించేసి, అది పూర్తిగా తెరుచుకునేదాకా ఆగి, అప్పుడు సిమెంటు నీళ్ల గ్రౌట్ ఎక్కించారు. తొందరపడి వేడిగా ఉండగానే నింపితే తర్వాత మళ్లీ విడిపోయేది. చివరికి పైపుల్లో కూడా గ్రౌట్ నింపి లోపలే వదిలేశారు.

అన్నట్టు, పెద్ద కట్టడం అనగానే "నరబలి ఇచ్చారట, మనుషులు కాంక్రీటులో ఉండిపోయారట" అనే మాట దీనికీ ఉంది. ప్రాణాలు పోయిన మాట వాస్తవం, అధికారిక లెక్కలో 96. కానీ కాంక్రీటు తెచ్చిపోసే ఒక బకెట్టు అంటే ఆరు ఘనమీటర్లు, 15 మీటర్ల చదరంలో పరిస్తే మూడు సెంటీమీటర్లు కూడా పెరగదు. రబ్బరు బూట్లతో దాన్ని తొక్కుతూ సర్దే కూలీలు అక్కడే నిలబడి ఉంటారు. మనిషి మునిగిపోతుంటే కనపడకుండా ఎలా ఉంటుంది?

ఇక అసలు ప్రశ్న. వేడి ఎప్పుడో పోయింది, గట్టిపడడం మాత్రం ఆగలేదు, ఎందుకంటే తక్కువ వేడి సిమెంటులో ఎక్కువగా ఉండే డైకాల్షియం సిలికేట్ మహా నెమ్మది. 1995లో కోసి తీసిన ముక్కల్ని పరీక్షిస్తే బలం ఇంకా పెరుగుతూనే ఉందని తేలింది. పుకారు పుట్టింది ఈ రెండింటినీ కలిపేయడం వల్లేనేమో.

సిమెంటు వేడి పోయినా, ఎండ వేడి మాత్రం అదే నెమ్మదితో ఇప్పటికీ డ్యామ్‌లో నడుస్తూనే ఉంది. ఏటా ఎండాకాలం బయటి నుంచి లోపలికి బయల్దేరుతుంది, మూడు మీటర్లు దాటేసరికి దాని తీవ్రత మూడో వంతుకు పడిపోతుంది. పది మీటర్ల లోతుకు చేరేసరికి ఆరు నెలలవుతుంది. బయట జనవరి చలి, అక్కడ గోడలో అప్పుడే జులై, అది కూడా ఒకటి రెండు డిగ్రీల జులై.