పార్థినాన్ శిల్పాల పేచీ: మూలం 1801 నాటి ఉత్తరంలో

ఏథెన్స్ నుంచి లండన్ బ్రిటిష్ మ్యూజియం చేరిన పార్థినాన్ శిల్పాల మీద గ్రీసు, బ్రిటన్ తగవు మళ్ళీ రాజుకుంది. ప్రాచీన ఏథెన్స్‌కు అక్రోపోలిస్ కొండే గుడి, కొండే ఖజానా. కొండ మీది ఎథీనా దేవత ఆలయం పార్థినాన్‌లోనే నగరం సొమ్ము దాచేవారు. ఏథెన్స్ నేత పెరిక్లీస్ నాటి ఆ వైభవం తెలిసిందే. ఇప్పటి పేచీ అర్థం కావాలంటే 1801 జులై చూడాలి.

అప్పటికి ఆ కొండ ఒట్టోమన్ తుర్కుల కోట. ఆలయం చర్చిగా, తర్వాత మసీదుగా మారింది. 1687లో వెనిస్ సేనల దాడికి లోపల నిల్వచేసిన మందుగుండు పేలి చాలా భాగం కూలింది. పైకి వెళ్ళాలంటే ఖిల్లాదారు దయ ఉండాలి. సుల్తాను దర్బారులో బ్రిటన్ రాయబారి లార్డ్ ఎల్గిన్ పంపిన చిత్రకారులనూ అతను తిప్పలు పెట్టాడు. సరిగ్గా ఆ వేసవిలో బ్రిటిష్ సేనలు ఈజిప్టులో ఫ్రెంచివారిని ఓడిస్తున్నాయి. ఈజిప్టు ఆ సుల్తాను రాజ్యంలోదే. ఇక రాయబారి అడిగితే కాదనేదెవరు?

అలా వచ్చిన ఫర్మానా, అంటే సుల్తాను సర్కారు అనుమతి ఉత్తరం, అసలు ప్రతి దొరకలేదు. ఇటాలియన్ అనువాదం మిగిలింది. బొమ్మలు గీసుకోవచ్చు, అచ్చులు తీసుకోవచ్చు, తవ్వుకోవచ్చు, శాసనాలో బొమ్మలో ఉన్న కొన్ని రాతిముక్కలు పట్టుకెళ్తే అడ్డుపడవద్దు అన్నది దాని సారాంశం. గోడల నుంచి శిల్పాలు ఊడదీయమని అందులో లేదు. అయినా ఎల్గిన్ మనుషులు ఊడదీశారు, బరువు తగ్గించడానికి ఫలకాల వెనుక భాగాన్ని రంపాలతో కోశారు. ఫర్మానాకు అంత విస్తృతమైన అర్థం ఏథెన్స్ పాలకుడి చేత ఒప్పించిందేనని, ఎల్గిన్ వద్ద పనిచేసిన మతాచార్యుడు ఫిలిప్ హంట్ 1816లో పార్లమెంటు కమిటీ ముందే చెప్పాడు. ఆ సంప్రదింపుల్లో ఏథెన్స్ గ్రీకుల మాటకు చోటే లేదు. పరాయి ఏలుబడిలో పుట్టిన అనుమతి చెల్లదని గ్రీసు అనేది అందుకే. ఆ శిల్పాల కొనుగోలును సమర్థించే పత్రమేదీ తమకు తెలియదని 2024లో యునెస్కో సమావేశంలో టర్కీ ప్రతినిధి కూడా అన్నారు.

ఆనాడు కమిటీ విచారించాకే ఎల్గిన్ నుంచి 35,000 పౌండ్లకు కొన్నారు కాబట్టి హక్కు తమదేనన్నది బ్రిటిష్ మ్యూజియం జవాబు. సేకరణలోని వస్తువులను వదులుకోకుండా 1963 నాటి చట్టం ధర్మకర్తల చేతులు కట్టేసింది. (అక్కడే ఉన్న మన అమరావతి శిల్పాలకూ అదే చట్టం.)

గ్రీసులో భద్రంగా ఉంచే చోటు లేదన్న పాత అభ్యంతరం 2009లో కొండ కిందే కొత్త మ్యూజియం తెరవడంతో వీగిపోయింది. మిగిలింది శిల్పాలను గ్రీసుకు అరువిచ్చే ప్రతిపాదన. అరువు తీసుకుంటే సొంతదారు లండనేనని ఒప్పుకున్నట్లు. గ్రీసు ఆ సంతకం పెట్టనంటోంది.