ఊపిరాడని ఎనిమిది సిలిండర్లు

1975 నాటి షెవర్లే కమారోలో వచ్చిన ఎనిమిది సిలిండర్ల వి-8 ఇంజను 350 ఘనపుటంగుళాలది, అంటే 5.7 లీటర్లది. గాలిలో పెట్రోలు కలిపే కార్బురేటర్‌కు రెండు బ్యారెళ్లు, అంటే రెండు గాలి దారులు, ఉన్న రకానికి కంపెనీ ప్రకటించిన శక్తి 145 హార్స్‌పవర్. లీటరుకు పాతిక చొప్పున అన్నమాట. మన రోడ్ల మీద దశాబ్దాలు తిరిగిన మారుతి 800 తన 796 సీసీల బుల్లి ఇంజనుతో సుమారు 37 హార్స్‌పవర్ ఇచ్చేది, ఆ లెక్కన లీటరుకు 46 పడుతుంది. పెద్ద ఇంజను బలంతో దూసుకుపోయే మజిల్ కారుగా పేరుపొందిన కమారోకు ఇది తలవంపులే. అయితే అలాంటి పాత కారును చవకగా కొనుక్కున్నవారికి ఈ నీరసమే కలిసివస్తుంది. ఇంజను లోహంలో లోపమేమీ లేదు. దాని శక్తిని ఎక్కడెక్కడ బిగించి ఉంచారో తెలిస్తే, సరైన వరుసలో ఆ బిగింపులను విప్పుకుంటూ పోవచ్చు. ఈ పనిలో డబ్బు వృథా అయ్యేది ఎక్కువగా ఆ వరుస తప్పినప్పుడే.

ముందు ఆ శక్తి ఎటు పోయిందో చూద్దాం. ఇవే కొలతల ఇంజను 1970లో ఎల్‌టీ-1 అనే పేరుతో షెవర్లే స్పోర్ట్స్ కారు కార్వెట్‌లో 370 హార్స్‌పవర్ ఇస్తుందని చెప్పారు. ఆ అంకెలో కొంత కాగితపు బలం ఉంది. అప్పట్లో ఇంజనును బల్ల మీద బిగించి, గాలి ఫిల్టర్ గానీ సైలెన్సర్ గానీ లేకుండా కొలిచేవారు. 1972 నుంచి కారులో ఉన్నట్టే అన్ని తగిలింపులతోనూ కొలవడం మొదలైంది. ఎల్‌టీ-1 అంకె 1971లో 330 ఉండగా మరుసటి ఏడాది 255కు దిగిపోవడానికి ముఖ్యకారణం ఈ కొలత మార్పే. మిగిలిన తగ్గుదల మాత్రం నిజమైనదే. సీసం తక్కువగా ఉన్న పెట్రోలుకు సరిపడేలా 1971లో జనరల్ మోటార్స్ తన ఇంజన్ల కంప్రెషన్ నిష్పత్తిని (పిస్టన్ మిశ్రమాన్ని ఎన్నో వంతుకు నొక్కుతుందో చెప్పే అంకెను) తగ్గించింది. పొగ నిబంధనల కోసం స్పార్కును ఆలస్యం చేశారు. 1975లో పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్ వచ్చి, రెండు వైపుల ఎగ్జాస్టును ఒకే గొట్టంలో కలిపేసింది. ఇంత జరిగినా 4 అంగుళాల బోరు (సిలిండరు వ్యాసం), 3.48 అంగుళాల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం) అలాగే ఉన్నాయి.

అన్నిటికంటే చవకైన పని స్పార్కు సమయాన్ని సరిచేయడం. పెట్రోలు మిశ్రమం ఒక్కసారిగా పేలదు. మంట ప్లగ్గు దగ్గర మొదలై సిలిండరంతా పాకడానికి కొన్ని మిల్లీసెకన్లు పడుతుంది. నిమిషానికి 3000 చుట్ల వేగంలో, పిస్టన్లు తిప్పే ఇరుసైన క్రాంకు ఒక్క మిల్లీసెకనులో 18 డిగ్రీలు తిరిగిపోతుంది. కాబట్టి పిస్టన్ పైకొసకు చేరడానికి బాగా ముందే నిప్పు రాజేయాలి, వేగం పెరిగేకొద్దీ ఇంకా ముందుకు జరపాలి. ఈ ఇంజనుకు పాత హెడ్లతో (సిలిండర్ల పైమూతలతో), పూర్తి వేగంలో మొత్తం 34 నుంచి 36 డిగ్రీలు సరిపోతాయి. ప్లగ్గులకు నిప్పురవ్వ పంచే డిస్ట్రిబ్యూటర్ మూత తీస్తే, వేగం పెరిగేకొద్దీ బయటికి జరిగి స్పార్కును ముందుకు తెచ్చే రెండు చిన్న బరువులు, వాటిని వెనక్కి లాగి పట్టే రెండు స్ప్రింగులు కనిపిస్తాయి. ఫ్యాక్టరీ స్ప్రింగులు గట్టివి కావడం వల్ల పూర్తి డిగ్రీలు అందేసరికి ఇంజను చాలా వేగం అందుకోవలసి వస్తుంది. కొద్ది డాలర్లకు దొరికే మెత్తటి స్ప్రింగులు వేస్తే అవే డిగ్రీలు 3000 చుట్లలోపే అందుతాయి.

ఇక్కడ ఒక మోసం పొంచి ఉంటుంది. స్పార్కు సమయం తెలుసుకోవడానికి టైమింగ్ లైటు పట్టి చూసే గీత, క్రాంకు ముందున్న బ్యాలన్సర్ (వణుకు తగ్గించే చక్రం) బయటి కట్టు మీద ఉంటుంది, ఆ కట్టును లోపలి భాగానికి అతికించేది ఒక రబ్బరు పొర. యాభై ఏళ్ల రబ్బరు జారిపోతే గీత కూడా పక్కకు జరుగుతుంది. అప్పుడు లైటు చూపించే 34 డిగ్రీలు నిజానికి 44 అయినా కావచ్చు. అందుకే ముందుగా మొదటి సిలిండరు ప్లగ్గు రంధ్రంలో పిస్టన్ ఆపే బోల్టు బిగించి, ఇంజనును చేత్తో రెండు వైపులా తిప్పి, ఆగిన రెండు గుర్తుల సరిగ్గా మధ్యన అసలైన పైకొసను గుర్తించాలి. ఈ అరగంట పనిని దాటవేసి, వేగం పెంచినప్పుడు మిశ్రమం అదుపు తప్పి మండే నాకింగ్ చప్పుడు వస్తుంటే పెట్రోలును తిట్టుకునేవారు తక్కువేమీ కాదు.

తర్వాత గాలి సంగతి. ఇంజను ఎంత గాలి పీల్చగలదో అంతే పెట్రోలును మండించగలదు, ఆ పరిమితిని లెక్కగట్టడం కష్టమేమీ కాదు. నాలుగు స్ట్రోకుల ఇంజను రెండు చుట్లకు ఒకసారి తన ఘనపరిమాణమంత గాలి తీసుకుంటుంది. ఒక ఘనపుటడుగుకు 1728 ఘనపుటంగుళాలు కనుక 350ని 5500 చుట్లతో గుణించి 3456తో భాగిస్తే నిమిషానికి 557 ఘనపుటడుగులు వస్తాయి. ఏ మామూలు ఇంజనూ నూటికి నూరుపాళ్లు నిండదు; 85 శాతం నిండుతుందనుకుంటే కావలసింది 473 మాత్రమే. ఇది తెలియక 750, 850 అని అంకె చూసి కార్బురేటర్ కొనేవారు నెమ్మది వేగంలో గాలి ప్రవాహాన్ని మందగింపజేసుకుని, ఉన్న చురుకును కూడా పోగొట్టుకుంటారు. రెండు బ్యారెళ్లది ఉన్నవారికి 600 సామర్థ్యమున్న నాలుగు బ్యారెళ్ల కార్బురేటర్ చాలు. నాలుగు బ్యారెళ్ల రోచెస్టర్ క్వాడ్రాజెట్ కార్బురేటర్ ముందునుంచే ఉన్నవారు దాన్ని శుభ్రం చేయించి అట్టే పెట్టుకోవాలని నా సలహా. దాని వెనుక బ్యారెళ్ల మీద ఉండే రేకు, ఇంజను అడిగినంత మేరకే తెరుచుకుంటుంది. పేరుకు పెద్దదైనా అవసరం లేని గాలిని లోపలికి తోయదు.

బయటికి పోయే దారిలో అసలైన అడ్డం ఆ ఒంటి గొట్టమే. సిలిండర్ల నుంచి పొగను బయటికి తీసుకెళ్లే పొడవాటి గొట్టాల హెడర్లు, వాటి వెనుక రెండు వేరువేరు సైలెన్సర్లు అమరిస్తే పిస్టన్లు కాలిన వాయువులను నెట్టడానికి ఖర్చుచేసే శక్తి మిగులుతుంది. క్యాటలిటిక్ కన్వర్టర్‌ను కోసి పారేయడం అమెరికా సమాఖ్య చట్టం ప్రకారం కుదరదు. 1975, అంతకు ముందరి పెట్రోలు కార్లకు కాలిఫోర్నియా పొగ పరీక్ష నుంచి మినహాయింపు ఇచ్చినా, ఆ చట్టం మాత్రం అక్కడా వర్తిస్తుంది. ఆనాటి కన్వర్టర్‌లో గుళికలు కూరి ఉండేవి. ఇప్పటి తేనెపట్టు అల్లిక కన్వర్టర్లు గాలిని అంతగా అడ్డుకోవు.

పెద్ద లాభం ఉండేది సిలిండర్ హెడ్లలోనే. 1970ల చివరి హెడ్లలో దహనగది 76 సీసీలు ఉంటుంది. 1996 నుంచి షెవర్లే ట్రక్కులకు వచ్చిన వోర్టెక్ హెడ్లలో అది 64 సీసీలు, పైగా వాటి గాలి దారులు ఎంతో మెరుగైనవి. ఒక్కో సిలిండరు పరిమాణం 716 సీసీలు. పిస్టన్ గుంట, గాస్కెట్, పైన మిగిలే సందు కలిపి 26 సీసీలు అనుకుంటే, పాత హెడ్లతో కంప్రెషన్ నిష్పత్తి 8, వోర్టెక్ హెడ్లతో దాదాపు 9 అవుతుంది. ఆ ఒక్క అంకె పెరిగినందుకే, అదనంగా చుక్క పెట్రోలు తాగకుండా 3 నుంచి 4 శాతం శక్తి కలిసివస్తుంది. గాలి దారుల వల్ల వచ్చే లాభం దానికి అదనం. ఈ గదిలో మంట వేగంగా పాకుతుంది కనుక స్పార్కును 32 డిగ్రీల దగ్గరే ఆపవచ్చు. వాడిన ట్రక్కు హెడ్లను పగుళ్ల పరీక్ష చేయించకుండా కొనకూడదు. ఇంకో తిరకాసు కూడా ఉంది: సిలిండర్లకు గాలిని పంచే ఇన్‌టేక్ మానిఫోల్డ్ వోర్టెక్ హెడ్లకు ఎనిమిది బోల్టులతో బిగుస్తుంది, పాతవాటికి పన్నెండు. హెడ్ల సంగతి తేల్చుకోకముందే మానిఫోల్డ్ కొంటే ఆ డబ్బు బూడిదలో పోసిన పన్నీరే.

వాల్వులను తెరిచే ఇరుసైన క్యామ్‌షాఫ్ట్ (క్యామ్) విషయంలో ఆశకు కళ్లెం వేయాలి. వాల్వులను ఎక్కువసేపు తెరిచి ఉంచే క్యామ్ పైవేగంలో శక్తినిచ్చి అడుగువేగంలో లాక్కుంటుంది. ఐడిల్‌లో, అంటే కారు ఆగి ఇంజను మాత్రమే తిరుగుతున్నప్పుడు, బ్రేకుకు సాయపడే వాక్యూమ్ పడిపోయి పవర్ బ్రేకుల పెడలును బలంగా తొక్కవలసి వస్తుంది. మామూలు వోర్టెక్ హెడ్లలో వాల్వు లిఫ్టు (తెరుచుకునే ఎత్తు) 0.47 అంగుళం దాటకూడదు, దాటితే స్ప్రింగు పళ్లెం గైడు సీలుకు తగులుతుంది. తన మీద రాసుకుంటూ జారే చదును ట్యాపెట్లున్న కొత్త క్యామ్‌ను జింకు ఎక్కువగా ఉన్న ఆయిలుతో, మొదటి ఇరవై నిమిషాలూ 2000 చుట్లకు తగ్గకుండా నడపాలి. లేకపోతే దాని అంచులు అక్కడికక్కడే అరిగిపోతాయి. కన్వర్టర్ పాడవకుండా ఇప్పటి కార్ల ఆయిళ్లలో జింకు తగ్గించారు మరి. ఇలా పొందికగా కూర్చిన భాగాలు ఎంతవరకు ఇస్తాయో చెప్పడానికి జనరల్ మోటార్స్ విడిగా అమ్మిన 350 హెచ్‌ఓ ఇంజనే సాక్ష్యం: వోర్టెక్ హెడ్లు, మధ్యరకం క్యామ్, 9 చిల్లర కంప్రెషన్‌తో 330 హార్స్‌పవర్. అది బల్ల మీది అంకె. కారులో బిగించాక కొంత తగ్గుతుంది.

ఇంజను ముట్టుకోకుండానే కారును చురుకు చేసే మార్గం వెనుక యాక్సిల్‌లో ఉంది. ఆ రోజుల్లో పెట్రోలు ఆదా కోసం తరచుగా 2.73 నిష్పత్తి గేర్లు వేసేవారు; 3.73 వేస్తే చక్రాలకు అందే టార్కు (తిప్పే బలం) 37 శాతం పెరుగుతుంది. 27 అంగుళాల టైర్లతో గంటకు 60 మైళ్ల దగ్గర 2040 చుట్లు తిరిగే ఇంజను అప్పుడు 2790 తిరుగుతుంది, మూడు గేర్ల ఆటోమేటిక్ బాక్సుతో హైవే మీద ఇది చెవులకూ పర్సుకూ భారమే. 1982లో వచ్చిన 700ఆర్4 గేర్‌బాక్సులో నాలుగో గేరు నిష్పత్తి 0.70 కావడంతో అదే వేగంలో చుట్లు 1950కి దిగుతాయి. తుక్కు యార్డు నుంచి తెచ్చుకునేవారు 1987 తర్వాతిది చూసుకోవడం మేలు. దాని లోపలి ఆయిలు పీడనాన్ని నిర్ణయించే కేబులును కార్బురేటర్‌కు సరైన కోణంలో తగిలించనిదే కారును వీధి మలుపు కూడా దాటించకూడదు, ఆ కేబులు వదులుగా ఉంటే క్లచ్చు పలకలు కొద్ది మైళ్లలోనే కాలిపోతాయి.