స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సర్వర్లకి చందాలు: అపోహలు, వాస్తవాలు

వలంటీర్లు నడిపే ఒక స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టుకి సర్వర్లు చూసేదీ, వచ్చిన విరాళాల లెక్క రాసేదీ నేనే. కొత్తగా ఈ పనిలోకి దిగినవాళ్లతో మాట్లాడుతుంటే అవే ఐదారు అపోహలు మళ్లీ మళ్లీ వినిపిస్తున్నాయి. వాటిని నమ్మి, అడగడానికి మొహమాటపడి, మంచి మంచి ప్రాజెక్టులు మూలన పడుతున్నాయి. చూస్తూ ఊరుకోలేక రాస్తున్నా.

అపోహ: ఉచితంగా ఇచ్చేదానికి డబ్బు అడగడం పద్ధతి కాదు

స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టిన రిచర్డ్ స్టాల్‌మన్ 1985లోనే ఈమాక్స్ అనే తన టెక్స్ట్ ఎడిటర్‌ని టేపు మీద ఎక్కించి 150 డాలర్లకి అమ్మారు. కోడ్ ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు, పక్కవాళ్లకి ఇవ్వొచ్చు, కానీ టేపు మీద ఇంటికి రావాలంటే డబ్బు కట్టాలి. ఇప్పుడు ఆ టేపు చేసిన పని సర్వర్ చేస్తోంది, దాని అద్దె ఎవరో ఒకరు కట్టాల్సిందే. ఇప్పటికి కడుతున్నది చాలాచోట్ల ఒక్క మనిషి, తన జీతంలోంచి. ఆ మనిషికి ఉద్యోగం పోయిన నెలలోనో, ఇంట్లో ఎవరికైనా ఒంట్లో బాగోనప్పుడో సైటు ఆగిపోతుంది.

అపోహ: సర్వర్‌కి ఎంతవుతుంది, నెలకి ఐదారొందలేగా

ఐదారొందలకి సర్వర్ దొరికే మాట నిజమే, చిన్న వెబ్‌సైటు దాని మీద హాయిగా నడుస్తుంది కూడా. ఖర్చు పెరిగేది డౌన్‌లోడ్ల దగ్గర. మీ ఇన్‌స్టాలర్ 500 ఎంబీ అనుకోండి, కొత్త వెర్షన్ వచ్చిన నెలలో 20,000 మంది దించుకున్నారనుకోండి, 10 టీబీ డేటా బయటికి పోయినట్టు. అమెజాన్ వాళ్ల క్లౌడ్ ఏడబ్ల్యూఎస్‌లో అమెరికా రీజియన్ అయితే మొదటి 100 జీబీ పోను జీబీకి 9 సెంట్ల లెక్కన దాదాపు 900 డాలర్లు అవుతుంది, ముంబై రీజియన్‌లో రేటు ఇంకా ఎక్కువ. అదే హెట్జ్నర్ అనే జర్మన్ హోస్టింగ్ కంపెనీ వాళ్ల దగ్గర యూరప్‌లో ఒక చిన్న క్లౌడ్ సర్వర్ తీసుకుంటే నెలకి 20 టీబీ దాకా ఆ అద్దెలోనే వస్తుంది. విదేశీ కంపెనీ బిల్లు మీద మనకి 18 శాతం జీఎస్టీ పడుతుంది, కార్డు వాళ్లు ఫారెక్స్ మార్కప్ వేస్తారు, కాబట్టి వెబ్‌సైటులో కనిపించిన ధరని పట్టుకుని బడ్జెట్ వేయకండి.

విరాళం అడగబోయే ముందు ఒకరోజు కూర్చుని యాక్సెస్ లాగ్ (ఎవరు ఏ ఫైలు తీసుకున్నారో సర్వర్ రాసుకునే చిట్టా) చదవండి, ఇది నేను గట్టిగా చెప్పే మాట. ఒకే బాట్ (మనిషి లేకుండా తనంతట తాను సైట్లు తిరిగే ప్రోగ్రాం) ఒకే జిప్ ఫైలుని మళ్లీ మళ్లీ దించుకున్న లైన్లు పేజీలకి పేజీలు కనిపిస్తాయి. కోడ్ చరిత్రంతా దాచే గిట్ రిపో కూడా మీ సర్వర్ మీదే ఉంటే, పదేళ్ల కిందటి కమిట్‌తో (కోడ్‌లో చేసిన ఒక మార్పుతో) సహా ప్రతిదానికీ ఏం మారిందో చూపే డిఫ్ పేజీ, ఏ లైను ఎవరు రాశారో చూపే బ్లేమ్ పేజీ వరసపెట్టి తెరుచుకుంటూ పోతుంటాయి, మనుషులెవరూ అలా చదవరు. 2024 మే నెలలో ఒక్క ఏఐ క్రాలర్, అంటే అలాంటి బాటే, సాఫ్ట్‌వేర్ డాక్యుమెంటేషన్ ఉంచే రీడ్ ద డాక్స్ సైటు నుంచి 73 టీబీ లాగేసింది, బ్యాండ్‌విడ్త్ బిల్లు 5,000 డాలర్లు దాటింది. అందుకే ముందు క్యాష్ (తరచూ అడిగే పేజీల సిద్ధ కాపీ) పెట్టండి, ఒక్కరే ఎడాపెడా లాగకుండా రేట్ లిమిట్ పెట్టండి, పెద్ద ఫైళ్లకి మిర్రర్ (వాళ్ల సర్వర్ మీద నకలు) ఇమ్మని ఇంజినీరింగ్ కాలేజీలని అడగండి. ఇదంతా చేశాక మిగిలిన బిల్లుకే జనాన్ని అడగాలి. ఒక విద్యార్థి ఇచ్చిన వంద రూపాయలు ఏదో బాట్ దాహానికి పోతే నాకు మనసొప్పదు.

అపోహ: పెద్ద కంపెనీ స్పాన్సర్ చేస్తే ఇక టెన్షన్ ఉండదు

ఉంటుంది, కాకపోతే ఆలస్యంగా మొదలవుతుంది. స్పాన్సర్‌షిప్ ఇచ్చిన కంపెనీలో ఆ నిర్ణయం తీసుకున్న మనిషి మారొచ్చు, ఆ వ్యాపారమే మూసేయొచ్చు. నిక్స్‌ఓఎస్ అనే లినక్స్ ఆపరేటింగ్ సిస్టంకి సిద్ధంగా కట్టిన ప్యాకేజీల నిల్వ (బైనరీ క్యాష్) ఖర్చుని ఏళ్లపాటు లాజిక్‌బ్లాక్స్ అనే కంపెనీ భరించింది. 2023లో అది ఆగిపోబోతోందని తెలిసేసరికి నెలకి దాదాపు 9,000 యూరోల బిల్లు ప్రాజెక్టు నెత్తిన పడింది, అప్పటికప్పుడు కమ్యూనిటీ ముందుకొచ్చి నిధులు సేకరించాల్సి వచ్చింది. ఫ్రీడెస్క్‌టాప్, ఆల్పైన్ లినక్స్ అనే ప్రాజెక్టులు ఈక్వినిక్స్ అనే డేటా సెంటర్ కంపెనీ ఉచితంగా ఇచ్చిన యంత్రాల మీద నడిచేవి, ఆ కంపెనీ తన బేర్ మెటల్ (మొత్తం యంత్రాన్నే అద్దెకిచ్చే) సేవనే ఎత్తేస్తుండటంతో 2025లో వేరే ఇల్లు వెతుక్కోవాల్సి వచ్చింది.

స్పాన్సర్లు వద్దని కాదు, వస్తే కళ్లకద్దుకుని తీసుకోండి. జెరోధా వాళ్లు 2024 అక్టోబర్‌లో ఏడాదికి 10 లక్షల డాలర్లతో ఇలాంటి ప్రాజెక్టుల కోసం ఒక నిధి మొదలుపెట్టారు, ఒక్కో ప్రాజెక్టుకి 10,000 నుంచి 1,00,000 డాలర్ల దాకా ఇస్తారు, తప్పకుండా దరఖాస్తు చేయండి. కానీ స్పాన్సర్ రేపు వెళ్లిపోయినా మూడు నెలలు నడిపే డబ్బు కమ్యూనిటీ విరాళాల నుంచి పక్కన ఉండాలి, సర్వర్లని ఇంకోచోటికి మార్చడానికి కనీసం అంత సమయం పడుతుంది.

అపోహ: వాడేవాళ్లందరూ తలో పది రూపాయలిస్తే చాలు

అందరూ ఇవ్వరు. వికీపీడియా అంతటిదే తన బ్యానర్లలో వందకి ఇద్దరే ఇస్తున్నారని చెప్పుకుంటుంది. ఇంటర్నెట్‌లో సగం తాళాలు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ సాఫ్ట్‌వేర్ మీద ఆధారపడిన రోజుల్లో, 2014లో అందులో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద భద్రతా లోపం బయటపడేదాకా, దానికి ఏడాదికి వచ్చిన విరాళాలు సుమారు 2,000 డాలర్లు. జనం పిసినారులై కాదు, అక్కడ అవసరం ఉందని వాళ్లకి ఎవరూ చెప్పలేదు. థండర్‌బర్డ్ అనే ఈమెయిల్ ప్రోగ్రాం చూడండి. 2021లో దానికి వచ్చిన విరాళాలు సుమారు 28 లక్షల డాలర్లు, 2022లో 64 లక్షలు దాటాయి. ఆ ఏడాది చివర్లో ప్రోగ్రాం లోపలే ఒక విన్నపం చూపించారు, వాడేవాళ్ల కళ్ల ముందు పెట్టి అడిగారు.

ఎలా అడగాలన్నది ఇంకా ముఖ్యం. "మా ప్రాజెక్టుని ఆదరించండి" అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఇలా రాయండి: "సర్వర్‌కి నెలకి 2,400, బ్యాకప్‌కి 600, డొమైన్‌కి ఏడాదికి 1,200. మొత్తం ఏడాదికి 37,200. ఇప్పటిదాకా వచ్చింది 21,000. మిగతాది డిసెంబర్‌లోపు కావాలి, లేకపోతే పాత వెర్షన్ల ఆర్కైవ్ తీసేయాల్సి వస్తుంది." అంకె ఉంది, గడువు ఉంది, రాకపోతే ఏమవుతుందో ఉంది. ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీలోని ఓపెన్ సోర్స్ ల్యాబ్ ఎన్నో ప్రాజెక్టులకి ఏళ్లుగా ఉచితంగా హోస్టింగ్ ఇస్తోంది. 2025 ఏప్రిల్ చివర్లో వాళ్లు 2,50,000 డాలర్లు కావాలి, లేకపోతే ఈ ఏడాదే మూసేయాలి అని సూటిగా చెప్పారు. ల్యాబ్ నిలబడింది. వినాయక చవితి పందిరి దగ్గర చందాల లెక్క బోర్డు మీద రాసిపెట్టే కమిటీకి మరుసటి ఏడాది అడక్కుండానే చందా వస్తుంది చూడండి, ఇక్కడా అంతే, ప్రతి నెలా బిల్లు కాపీ బయటపెట్టండి.

అపోహ: నా యూపీఐ నంబరు పెట్టేస్తే సరిపోతుంది

మొదటి నెల సరిపోతుంది. బంధువులు కానివాళ్ల నుంచి మీ సొంత ఖాతాలోకి ఏడాదిలో వచ్చిన మొత్తం 50,000 దాటితే, దాటిన భాగం మీదే కాదు, మొత్తం మీదా పన్ను కట్టాల్సి రావచ్చు. దాతలు పన్ను మినహాయింపు రసీదు (80జీ అని పిలిచేది) అడుగుతారు, అది నమోదైన ట్రస్టో సొసైటీనో ఆ గుర్తింపు తెచ్చుకుంటేనే ఇవ్వగలదు. అయితే కొత్త పన్ను విధానం ఎంచుకున్నవాళ్లకి ఆ మినహాయింపు ఎలాగూ వర్తించదు, కాబట్టి రసీదు లేదని అడగడం మానుకోవద్దు.

అసలు చిక్కు విదేశాల నుంచి వచ్చే డబ్బుతో. అమెరికాలో ఉన్న మనవాళ్లు ప్రేమగా పంపుతామంటారు. భారత పాస్‌పోర్టు ఉన్న ఎన్ఆర్ఐ తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు, పాస్‌పోర్టు కాపీ ఒకటి తీసుకుని ఫైల్లో పెట్టుకోండి. అదే మనిషి అమెరికా పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివాళ్లకి ఇచ్చేది) మీద ఉంటే, మీ మేనమామ కొడుకే అయినా, ప్రాజెక్టుకి ఇచ్చింది విదేశీ విరాళమే. మీ సంస్థకి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద రిజిస్ట్రేషనో ముందస్తు అనుమతో లేకుండా దాన్ని తీసుకోకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్నా, 2020 సవరణ తర్వాత ఆ డబ్బు ముందు ఢిల్లీలోని ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోకే రావాలి. విదేశీ దాతలు ఎక్కువగా ఉన్న ప్రాజెక్టులకి ప్రాజెక్టుల తరఫున విరాళాలు తీసుకునే ఓపెన్ సోర్స్ కలెక్టివ్, ఎస్‌పీఐ లాంటి అమెరికా సంస్థలు నయం. మొదటిది 10 శాతం, రెండోది 5 శాతం తీసుకుని ఖాతా నడుపుతాయి, హోస్టింగ్ బిల్లు అక్కడి నుంచే కట్టించుకోవచ్చు. ఏది చేసినా ముందు ఒక సీఏని కలవండి, ఆ ఫీజు దండగ కాదు.

ఇంకొకటి: డొమైన్ ఎవరి పేరు మీద ఉందో, రెన్యూవల్ మెయిల్ ఎవరికి వస్తుందో ఇవాళే చూసుకోండి. ఖాతాలో లక్ష ఉన్నా, ఆ మెయిల్ ఎప్పుడో ప్రాజెక్టు వదిలి వెళ్లినవాళ్లకి పోతుంటే సైటు పోయినట్టే.

అపోహ: డబ్బిచ్చినవాళ్లు పెత్తనం చేస్తారు

చాలా తక్కువ మంది. ఐదు వేలు ఇచ్చి, మా ఫీచర్ ముందు చేయండి అని రాసేవాళ్లు ఎప్పుడో ఒకరు తగులుతారు. "హోస్టింగ్‌కి ఇచ్చిన డబ్బు హోస్టింగ్‌కే, ఫీచర్ల చర్చ అందరితో పాటు ఇష్యూ ట్రాకర్‌లోనే (లోపాలు, కోరికలు నమోదు చేసే పేజీలోనే)" అని విరాళం పేజీలో ఒక లైను పెట్టండి. మా దగ్గర అది పెట్టాక అలాంటి మెయిళ్లు దాదాపు ఆగిపోయాయి, విరాళాలు మాత్రం తగ్గలేదు.