అందరూ చూస్తుండగా చేసిన దొంగతనం

చిట్టీ, బుజ్జిగా,

మొన్న ఆదివారం ఫోనులో చిట్టి అడిగిన దానికి నేను నవ్వేసి ఊరుకున్నాను. నవ్వితే జవాబు చెప్పినట్టు కాదని మీ నాయనమ్మ ఆ రోజు నుంచీ సాధిస్తూనే ఉంది. అందుకే ఈ ఉత్తరం. మీరింకా తెలుగు కూడబలుక్కుంటూ చదువుతున్నారు కాబట్టి మీ నాన్న చదివి వినిపిస్తాడు. మధ్యలో వాడు సొంత కవిత్వం కలిపితే మాత్రం నమ్మకండి.

చిట్టి అడిగింది ఇదీ: "దొంగతనం చేస్తే కళ్ళు పోతాయన్నావు కదా తాతయ్యా! మరి 2004లో రెండో బేస్ దొంగిలించినాయన్ని మా కోచ్ హీరో అంటాడేంటి?"

బేస్‌బాల్ మాట అది. బేస్ అంటే మైదానం మూలల్లో ఉండే గుర్తు. పిచర్, అంటే బంతి వేసేవాడు, బ్యాటర్ వైపు వేసే సందులో, ఎవరూ కొట్టకుండానే, రన్నర్ తర్వాతి బేసుకి పరిగెత్తి చేరితే దొంగిలించాడంటారు. ఆ దొంగతనం జరిగిన రాత్రి నేను మెలకువగానే ఉన్నానమ్మా. టీవీలో కళ్ళారా చూశాను. ఏం చూశానో మాత్రం నాకు అప్పుడు అర్థం కాలేదు.

ఆ ఏడు మేమిద్దరం ఆరు నెలల వీసా మీద మీ నాన్న దగ్గర బాస్టన్ పక్కన ఉన్నాం. వాడికింకా పెళ్ళి కాలేదు. దసరా నవరాత్రులు వచ్చాయి. మీ నాయనమ్మ మూడు అట్టపెట్టెలు మెట్లుగా పేర్చి, పైన తెల్ల దుప్పటి పరిచి, ఇండియా నుంచి మోసుకెళ్ళిన నాలుగు కొండపల్లి బొమ్మలతో కొలువు పెట్టింది. బొమ్మలు చాల్లేదని మీ నాన్న ఎరుపు టోపీ బొమ్మ ఒకటి తెచ్చి ఏనుగు అంబారీ పక్కన నిలబెట్టాడు. రెడ్ సాక్స్ ఆటగాడట. నాయనమ్మ కోప్పడింది గానీ తీసెయ్యలేదు.

బాస్టన్ రెడ్ సాక్స్‌కీ న్యూయార్క్ యాంకీస్‌కీ ఉన్న వైరం మీకు నేను చెప్పాలా? బెజవాడకీ విశాఖకీ ఎంత దూరమో ఆ రెండూళ్ళకీ ఇంచుమించు అంతే. బేబ్ రూత్ అనే మహా ఆటగాణ్ణి బాస్టన్ వాళ్ళు 1919 చివర్లో యాంకీస్‌కి అమ్ముకున్నారు. అంతకుముందు 1918లో గెలిచిన కప్పే వాళ్ళ ఆఖరి కప్పు. రూత్ శాపం తగిలిందనేవారు. 2003లో కూడా ఇవే రెండు జట్లు, ఇదే సెమీఫైనల్ లాంటి సిరీస్, ఏడో ఆట పదకొండో ఇన్నింగ్స్ దాకా సాగితే యాంకీసే గెలిచారు.

ఏడు ఆటల్లో ముందు నాలుగు గెలిచినవాళ్ళది సిరీస్. 2004లో మొదటి మూడూ యాంకీస్ ఎగరేసుకుపోయారు. 10-7, 3-1, మూడోది బాస్టన్ సొంత గడ్డ మీద 19-8. బేస్‌బాల్ పెద్ద లీగుల చరిత్రలో మొదటి మూడూ ఓడి మిగతా నాలుగూ గెలిచినవాళ్ళు అప్పటిదాకా ఒక్కరూ లేరు. మీ నాన్న టీవీ కట్టేసి, "అయిపోయింది నాన్నా, పడుకోండి" అన్నాడు. పరీక్ష తప్పినప్పుడు కూడా వాడి మొహం అలా చూడలేదు.

మర్నాడు అక్టోబర్ 17, ఆదివారం రాత్రి, నాలుగో ఆట. తొమ్మిదో ఇన్నింగ్స్‌కి యాంకీస్ 4, బాస్టన్ 3. బంతి యాంకీస్ పిచర్ మరియానో రివేరా చేతిలో ఉంది. పనామా దేశపు మనిషి. ఆట చివర్లో వచ్చి తలుపుకి గడియ పెట్టి వెళ్ళడమే ఆయన ఉద్యోగం. ఆ గడియ తీసినవాళ్ళు బహు తక్కువ. ఆయన ఎందుకో బాస్టన్ బ్యాటర్ మిల్లార్ అనే ఆయన్ని నాలుగు బంతులు దూరంగా వేసి ఊరికే మొదటి బేసుకి పంపాడు. వెంటనే ఆ మిల్లార్ బయటికి, డేవ్ రాబర్ట్స్ అనే మరో ఆయన లోపలికి. నేను క్రికెట్ మనిషిని కదా, "పాపం, కాలు పట్టేసిందా? బై రన్నర్ వచ్చాడు!" అన్నాను. మీ నాన్న నోరు మెదపలేదు. కొలువులోని టోపీ బొమ్మని తెచ్చి చేతిలో పట్టుకున్నాడు.

ఇక్కడ ఆట ఆపి నేను మా ఊరు వెళ్ళాలి.

మా ఊరు నూజివీడు దగ్గర. చెరువుగట్టు దిగితే మామిడితోట, అన్నీ రసాలే. కాయ పాకానికొచ్చే రోజుల్లో ఓ ముసలాయన కాపలా ఉండేవాడు. ఆయన ఆస్తి ఒక పాక, కుక్కి మంచం, చుట్ట, వడిసెల. వడిసెల అంటే తాడు మధ్యలో చిన్న జోలె. జోలెలో రాయి పెట్టి, తల చుట్టూ గిరగిరా తిప్పి, ఒక కొస వదిలితే రాయి పక్క చేలో పడుతుంది. చిలకల్ని తోలడానికది. మమ్మల్ని కూడా చిలకల్లోనే జమకట్టాడు.

గట్టు మీద నిలబడితే తప్పు లేదు, గట్టు ఊరందరిదీ. అది నా మొదటి బేస్. అక్కణ్ణుంచి తోట మొదటి చెట్టు నా రెండో బేస్. గట్టు దిగి నాలుగడుగులు వేస్తే ఆయన దగ్గేవాడు. రొంప దగ్గు కాదు. "చూశాన్రోయ్" అనే దగ్గు. నేను గబుక్కున గట్టెక్కేవాణ్ణి. కాసేపటికి మళ్ళీ దిగేవాణ్ణి. మళ్ళీ దగ్గు. నేనెందుకొచ్చానో ఆయనకి తెలుసు. తెలుసని నాకూ తెలుసు. రివేరా కూడా బ్యాటర్‌కి బంతి వెయ్యకుండా మూడుసార్లు మొదటి బేసుకి విసిరాడు చూశావా? రాబర్ట్స్ మూడుసార్లూ వెనక్కొచ్చి పడ్డాడు. ఆ మూడూ దగ్గులేనమ్మా.

(ఇప్పుడైతే అన్ని దగ్గులు దగ్గనివ్వరు. 2023 నుంచి నియమం మార్చారు. రెండుసార్లు విసరొచ్చు, మూడోసారి విసిరీ అవుట్ చెయ్యలేకపోతే రన్నర్‌కి తర్వాతి బేస్ ఊరికే ఇచ్చేస్తారు. రాబర్ట్స్ ఇవాళ ఆడుంటే పరిగెత్తకుండానే రెండో బేసుకి నడిచి వెళ్ళేవాడు. మీ కోచ్‌కి చెప్పండి, ఏమంటాడో.)

ముసలాయన చుట్ట తరచు ఆరిపోయేది. అగ్గిపుల్ల గీసి, గాలికి ఆరకుండా రెండు చేతులూ దొన్నెలా పట్టి, మొహం అందులోకి వంచేవాడు. నాకు కావలసింది ఆ వంగడమే. ఒకసారి వంగాక పొగ రాకుండా తల ఎత్తడు. పిచర్ కూడా అంతే. బ్యాటర్ వైపు వెయ్యడానికి కదలడం మొదలెట్టాక మధ్యలో మనసు మార్చుకుని మొదటి బేసుకి విసరకూడదు. కాబట్టి రన్నర్ చూసేది పిచర్ మొహాన్ని కాదు, బంతినీ కాదు. ఆయన కాళ్ళని. ఏ కాలు ముందు లేస్తుందా అని.

రివేరా ఎడమకాలు లేచింది. చుట్ట వెలిగింది. రాబర్ట్స్ పరుగో పరుగు.

ఇక్కడ నా పోలిక కొంచెం కుంటుతుంది. మా తోటలో చుట్టా వడిసెలా ఒకరివే. అక్కడ చుట్ట రివేరాది, వడిసెల బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్ పొసాడాది. మా చెట్టు కింద ఎర్రచీమలు తప్ప ఎవరూ ఉండేవారు కాదు. అక్కడ రెండో బేస్ మీద జీటర్ అనే యాంకీస్ ఆటగాడు చెయ్యి చాచుకుని నిలబడ్డాడు. నేను కాయ కోసుకుని గట్టుకి తిరిగి పరిగెత్తేవాణ్ణి. రాబర్ట్స్ చెట్టు కిందే ఆగి, దుమ్ము దులుపుకుని, అక్కణ్ణుంచి ఇల్లు, అంటే బ్యాటర్ నిలబడే హోమ్ ప్లేట్, చేరి పరుగు తేవడానికి ఇంకొకరి బ్యాటు కోసం ఎదురుచూడాలి. అయినా పోలిక మంచిదే, నేను వదలను.

లెక్క చూడండి. బేసుకీ బేసుకీ మధ్య 90 అడుగులు. ముందే ఓ పన్నెండడుగులు జరిగి ఉన్నా ఇంకా 78 మిగిలాయి. పిచర్ కదలడం మొదలెట్టిన దగ్గర్నుంచి బంతి క్యాచర్‌ని చేరి, క్యాచర్ లేచి విసిరి, అది రెండో బేసుకి చేరడానికి అంతా కలిపి మూడున్నర సెకన్ల లోపే. మనిషి పరుగూ ఇంచుమించు అంతే. ఇంత పెద్ద ఆటని ఇంత సన్నటి అంచు మీద ఎవరు కొలిచి పెట్టారో! ఆ 90 అడుగులు 88 అయితే అందరూ దొంగలే, 92 అయితే ఒక్కడూ దొంగిలించలేడు. అది ఎలా కుదిరిందో నన్నడక్కండి. ఉప్మాలో ఉప్పు ఎలా కుదిరిందంటే మీ నాయనమ్మ కూడా చెప్పలేదు.

సేఫ్. జానెడు తేడాలో సేఫ్.

రాబర్ట్స్‌ని బాస్టన్ వాళ్ళు ఆ జులై ఆఖరి రోజునే తెచ్చుకున్నారు. ఆ ఏడు మొత్తం 41 సార్లు ప్రయత్నించి 38 బేసులు దొంగిలించాడు. 1962లో ఒకే ఏడాదిలో 104 దొంగిలించిన మోరీ విల్స్ అతనికి గురువు. నువ్వు దొంగిలిస్తావని స్టేడియంలో అందరికీ తెలిసి కూడా నువ్వు దొంగిలించి తీరాల్సిన రోజు ఒకటొస్తుందని ఆ గురువు ఎప్పుడో చెప్పి పెట్టాడట. ఆ రాత్రి గంటల తరబడి ఖాళీగా కూర్చుని, చలికి కాళ్ళు కొయ్యబారకుండా లోపల వసారాలో అటూ ఇటూ పరిగెత్తి, దిగీ దిగగానే ఆ పరుగు.

ఇప్పుడు నీ ప్రశ్న, చిట్టీ. దాదాపు 35 వేల మంది చూస్తుండగా, ఎదుటివాడు మూడుసార్లు దగ్గి హెచ్చరించాక, పట్టుబడితే తలవంచుకుని బయటికి నడవడానికి సిద్ధపడి చేసేది దొంగతనం ఎలా అవుతుంది? పేరు అలా పెట్టుకున్నారంతే. మనం వెన్నదొంగ అనడం లేదూ?

అసలు దొంగతనం ఎలా ఉంటుందో కూడా చెప్తాను. మీ నాన్నకి కూడా ఇది తెలీదు. ఆ తోటలోనే ఒక రాత్రి ముసలాయన నిద్రపోతుంటే మా పెదనాన్న కొడుకూ నేనూ బుట్టెడు కాయలు కోసుకొచ్చాం. దగ్గు లేదు, పరుగు లేదు, ఎవరూ చూడలేదు. గడ్డిలో మాగేసుకుని తిన్నాం. తోట కౌలుకి తీసుకున్నాయన ఆ కాయల లెక్క ముసలాయన కూలిలోంచి తెగ్గోశాడని నెల తర్వాత తెలిసింది. ఆ తర్వాత నేను గట్టు దిగి అడుగులు వేసినా ఆయన దగ్గేవాడు కాదు. ఊరికే చూసేవాడు. ఆ వేసవి నేను మళ్ళీ ఆ చెట్టు దాకా వెళ్ళలేదు.

సరే, ఆట. బిల్ మ్యూలర్ బంతిని సరిగ్గా రివేరా పక్కనుంచి కొట్టాడు, రాబర్ట్స్ ఇల్లు చేరాడు, 4-4. పన్నెండో ఇన్నింగ్స్‌లో డేవిడ్ ఓర్టిజ్ హోమ్ రన్ కొట్టేసరికి రాత్రి 1:22. మీ నాన్న అరుపుకి కింది వాటావాళ్ళు కర్రతో పైకప్పు పొడిచారు, వాళ్ళూ అరుస్తూనే. అదే రోజు సాయంత్రం మళ్ళీ అయిదో ఆట, పద్నాలుగు ఇన్నింగ్సులు, 5 గంటల 49 నిమిషాలు. అందులోనూ స్కోరు సమం చేసిన పరుగు రాబర్ట్స్‌దే. ఆరో ఆటలో బాస్టన్ పిచర్ షిల్లింగ్ చీలమండకి కుట్లతో, మేజోడు మీద నెత్తురు మరకతో బంతులు వేశాడు. ఏడోది యాంకీస్ స్టేడియంలో 10-3. బాస్టన్‌దే. మూడు ఓడి నాలుగు గెలిచారు.

అసలు ఫైనల్‌ సెయింట్ లూయిస్ వాళ్ళ మీద. అది నాలుగుకి నాలుగూ గెలిచారు, గొడవే లేదు. అక్టోబర్ 27న ఆఖరి ఆట. ఆశ్వయుజ పౌర్ణమి, సంపూర్ణ చంద్రగ్రహణం. నాయనమ్మ పట్టుకి ముందే అందరికీ అన్నాలు పెట్టేసి, గిన్నెల్లో దర్భలు వేసి కూర్చుంది. ఆట చివరి బంతి అయ్యే వేళకి ఆకాశంలో చంద్రుడు రాగి చెంబులా ఉన్నాడు. 86 ఏళ్ళ శాపం గ్రహణంలో విడిచిందని నాయనమ్మ ఇప్పటికీ అంటుంది. నేను కాదనను. ఆ వారంలో జనం శ్మశానాలకి వెళ్ళి, ఈ రోజు చూడకుండా పోయిన తండ్రుల, తాతల సమాధుల మీద టోపీలూ చిన్న జెండాలూ పెట్టి వచ్చారు. మన మహాలయ పక్షాలు అప్పటికి వెళ్ళి రెండు వారాలు.

ఆ ఫైనల్లో రాబర్ట్స్ ఒక్క నిమిషం కూడా మైదానంలోకి దిగలేదు. డిసెంబరులో వేరే జట్టుకి పంపేశారు.

బుజ్జిగా, నీకో పని. మీ లిటిల్ లీగ్‌లో బంతి బ్యాటర్‌ని చేరేదాకా బేస్ వదలకూడదు కాబట్టి ఇది నీ ఆటలో చూడలేవు. శనివారం మీ ఊరి హైస్కూలు మైదానానికి ఇద్దరూ వెళ్ళండి. ఎవరూ లేనప్పుడు మొదటి బేస్ నుంచి రెండో బేస్ దాకా చిట్టి పరిగెత్తాలి, నువ్వు సెకన్లు లెక్కపెట్టాలి. తర్వాత నాన్నని హోమ్ ప్లేట్ దగ్గర నిలబెట్టి రెండో బేసుకి బంతి విసరమనండి. అది 127 అడుగుల పైమాట. భుజం జాగ్రత్త అని చెప్పండి, వాడికి నలభై దాటాయి.

ఇంటికొచ్చాక ఆ 2004 వీడియో నెమ్మదిగా తిప్పి చూడండి. రాబర్ట్స్‌ని కాదు, రివేరా కాళ్ళని. మూడో దగ్గుకీ చుట్టకీ మధ్య ఆయన ఎంతసేపు కదలకుండా నిలబడ్డాడో లెక్కపెట్టి నాకు రాయండి. నేను లెక్కపెట్టిన ప్రతిసారీ వేరే అంకె వస్తోంది.

తాతయ్య