అపోహలు - వాస్తవాలు: "కుర్రాళ్లని కమిటీలో వేశాం కదండీ!"

కోనసీమలోనైనా, భీమవరం, నరసాపురం వైపైనా యువజన కార్యక్రమాల ప్రస్తావన వస్తే ముందు వినబడే మాట ఇదే. కమిటీలో ఇద్దరు కుర్రాళ్ల పేర్లుంటాయి, నిజమే. విషయం ఎవరు ఎంచారు, తేదీ ఎవరు పెట్టారు, డబ్బు ఎవరి దగ్గరుంది? మూడింటికీ పెద్దల పేర్లే వస్తాయి. పిల్లల భాగస్వామ్యం మీద పనిచేసిన పరిశోధకుడు రోజర్ హార్ట్ 1992లో యూనిసెఫ్‌కు రాసిన వ్యాసంలో, నిర్ణయాల్లో పిల్లలకు ఎంత పాత్ర ఉందో కొలిచే ఎనిమిది మెట్ల నిచ్చెన ఉంది. అందులో కింది మూడింటినీ అసలు భాగస్వామ్యంగానే లెక్కేయలేదు. బ్యానరు పట్టుకోవడం, కుర్చీలు మోయడం, అతిథికి బొకే ఇవ్వడం ఆ మూడింట్లోకే వస్తాయి. చివర్లో "ఈ కాలం పిల్లలకి ఆసక్తి లేదండీ" అని నింద కూడా వాళ్ల మీదే.

వాస్తవం: డబ్బు, తేదీ కుర్రాళ్ల చేతికి వెళ్లాలి. తొమ్మిదిమంది కమిటీ అయితే ఐదుగురు పాతికేళ్లలోపు వాళ్లుండాలి. ఆడపిల్లలు కనీసం ఇద్దరు. ఒక్కర్తే అయితే నోరు విప్పదు. మొదటిసారికి ఐదువేలు విడిగా తీసి, దేనికి పెట్టాలో వాళ్లకే వదిలేయండి. మైనర్లకు డబ్బు అప్పగిస్తే చిక్కులొస్తాయని పెద్దల భయం. ఆ భయం తప్పు కాదు. చెక్కు మీద పద్దెనిమిది నిండినవాళ్లిద్దరు సంతకం పెడతారు. చిన్నవాళ్లు తీర్మానం రాస్తారు, బిల్లులు అతికిస్తారు, నెలాఖరుకు లెక్క చదివి వినిపిస్తారు.

సమావేశం గంట దాటకూడదు. అంశాలు మూడే, రెండు రోజుల ముందే వాట్సాప్‌లో పెట్టాలి. అధ్యక్షత కుర్రాళ్లలో ఒకరిది, నెలనెలా మారాలి. పెద్దలు చివర మాట్లాడాలి. సర్పంచిగారు ముందే మాట్లాడేస్తే ఇక మిగిలేది "అవునండీ" ఒక్కటే. చోటు సంగతి ఎవరూ పట్టించుకోరు. గుడి మండపంలోనో, ఒక వీధివాళ్ల కమ్యూనిటీ హాల్లోనో పెడితే పక్క పేట పిల్లలు రారు, రాలేదన్న సంగతి మినిట్స్‌లోకి ఎక్కదు. బడి గానీ లైబ్రరీ గానీ మేలు. గోదావరి లంకల నుంచి వచ్చేవాళ్ల పడవ ఛార్జీ ఆ పూటే చేతిలో పెట్టండి. చీకటి పడకముందే ముగించండి. ఆడపిల్లల తల్లులు అడిగేది అదొక్కటే. మార్చి పరీక్షల్లో, సార్వా కోతల్లో తేదీలు పెట్టి జనం రాలేదనడం అన్యాయం.

కుర్రాళ్లు చెప్పిన సూచన ఏమైందో వారంలోగా చెప్పాలి, కుదరకపోతే కారణంతో సహా. ఈ ఒక్కటి మానేస్తే మూడో సమావేశానికి కుర్చీలు ఖాళీ.

అపోహ: వరదొస్తే కుర్రాళ్లు ఎలాగూ దిగుతారు, ముందు ప్లానెందుకు?

ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు, ప్రవాహం 10 లక్షల క్యూసెక్కులకు చేరితే మొదటి హెచ్చరిక. అప్పుడు జాబితా మొదలుపెడితే ఆలస్యమే. మే నెలలోనే కుర్రాళ్లు ఇంటింటి పట్టిక రాయాలి: మంచంపట్టినవాళ్లు, గర్భిణులు, పశువులు, ఫోన్ నంబర్లు. ఒక్కొక్కరికి పది ఇళ్లు. 13.75 అడుగుల రెండో హెచ్చరిక వచ్చేలోగా ఆ పట్టికలో మొదటి పేర్లవాళ్లు ఏటిగట్టు దాటి ఉండాలి. పద్దెనిమిదిలోపు వాళ్లని పడవ పనికీ నీళ్లలోకీ పంపొద్దు. పునరావాస కేంద్రంలో పేర్లు చూసుకునే పని వాళ్లది.

మిగతావి చిన్నవి. యువత అంటే కాలేజీవాళ్లే కాదు. 2014 జాతీయ యువజన విధానం 15 నుంచి 29 ఏళ్లదాకా అందరినీ లెక్కేసింది. రొయ్యల చెరువు దగ్గర కాపలా కుర్రాడికీ, షెడ్డులో రొయ్యలు వలిచే అమ్మాయికీ కబురు పెట్టండి. ఇక "రాజకీయాల్లోకి లాగుతారు" అనే పుకారు: ఖర్చుల లెక్క బడి గోడకు అంటించి, పార్టీ కండువాలు వేసుకుని రావద్దని మొదటి తీర్మానం రాయండి.