పసివారి ఊపిరితిత్తుల సిరలు సన్నబడితే, క్యాథటర్ చెప్పే జోస్యం

కోనసీమలో పసిబిడ్డ పాలు తాగలేక డొక్కలెగరేస్తుంటే నెమ్ము చేసిందనే అనుకుంటారు, చాలాసార్లు ఆ అనుమానం నిజమే అవుతుంది. అయితే మందులు వాడినా ఆయాసం తిరగబెడుతూ, బరువు పెరగని బిడ్డల్లో, అందునా నెలలు నిండకుండా పుట్టినవారిలో, ఊపిరితిత్తుల నుంచి గుండె ఎడమ కర్ణికకు మంచి రక్తాన్ని చేర్చే సిరలు సన్నబడ్డాయేమోనన్న ఆలోచన కూడా రావాలి. సాధారణంగా ఇవి 4 ఉంటాయి. పుట్టుకతోనే ఇవి దారి తప్పి గుండె కుడివైపు కలిసినప్పుడు శస్త్రచికిత్సతో సరిచేస్తారు. ఆ తర్వాత కొందరు బిడ్డల్లో, ఎక్కువగా తొలి నెలల్లోనే, ఇదే ఇరుకు ఏర్పడుతుంది.

ధ్వని తరంగాలతో గుండెను చూసే ఎకో పరీక్ష అనుమానాన్ని రేపుతుంది, సీటీ స్కాన్ ఆకారాన్ని చూపుతుంది. లోపలి ఒత్తిడిని నేరుగా కొలిచేది మాత్రం క్యాథటరే. 1929లో జర్మన్ వైద్యుడు వెర్నర్ ఫోర్స్‌మన్ తన చేతి సిర గుండా తన గుండెలోకే ఎక్కించుకున్న ఆ సన్నని గొట్టాన్ని, నేడు బిడ్డకు మత్తు ఇచ్చి, గజ్జ దగ్గరి సిర నుంచి కుడి కర్ణికకు, అక్కడి నుంచి నడిమి గోడ దాటించి ఎడమ కర్ణికకు, అటుపై ఒక్కొక్క సిరలోకీ పంపుతారు.

ఇరుకుకు ముందూ వెనుకా ఉన్న ఒత్తిళ్ల తేడాను కొలిచి, తేడా తక్కువైతే జబ్బు తక్కువని తేల్చేయడం ప్రమాదకరం. గుర్రపుడెక్క అల్లుకున్న మురుగు కాలువకు ఎగువనున్న నీటిని రైతులు పక్క కాలువకు మళ్లిస్తే, పూడికకు అటూ ఇటూ నీటిమట్టం దాదాపు సమానంగా కనిపిస్తుంది, కాలువ మాత్రం పూడే ఉంటుంది. ఊపిరితిత్తిలోనూ ఇంతే: ఇరుకైన సిర ఉన్న భాగానికి రక్తం రావడం తగ్గి, తెరుచుకున్న భాగాలకు మళ్లుతుంది. ప్రవాహం పడిపోయినచోట తేడా కూడా పడిపోతుంది. అందుకే ఒకే ఒక్క అంకెను నమ్మి తల్లిదండ్రులకు భరోసా ఇవ్వడం నాకు సమ్మతం కాదు.

నిలకడగా జోస్యం చెప్పేవి వేరే ఉన్నాయి. గుండె కుడి జఠరిక నుంచి ఊపిరితిత్తులకు రక్తాన్ని చేర్చే పుపుస ధమనిలో సగటు ఒత్తిడి మామూలుగా 20 మిల్లీమీటర్ల పాదరసం దాటదు. అది శరీర రక్తపోటుకు దగ్గరవుతున్నకొద్దీ కుడి జఠరిక అలసిపోతుంది, బిడ్డకు ముప్పు పెరుగుతుంది. ఎన్ని సిరలు దెబ్బతిన్నాయి, రెండు ఊపిరితిత్తులకూ పాకిందా అన్నవి అంతకు తక్కువ కాదు. 3 లేదా 4 సిరలు ఇరుకైతే పరిస్థితి బాగా బరువెక్కుతుంది. ఒక్క సిరే మూసుకుపోతే ధమని ఒత్తిడి మామూలుగానే ఉండవచ్చు కూడా. ఇక పుపుస ధమని చిన్న కొమ్మలో క్యాథటర్‌ను బిగించి రంగుమందు ఎక్కిస్తే, అది కేశనాళికలు దాటి, మూసుకుపోయిందనుకున్న సిరకు ఎగువన మిగిలిన భాగాన్ని ఎక్స్‌రే తెరపై చూపుతుంది. ఆ భాగం ఇంకా వెడల్పుగా ఉంటే మరమ్మతుకు అవకాశముంది. దారప్పోగులా కుంచించుకుపోతే ఆశ సన్నగిల్లుతుంది.

బెలూన్‌తో సిరను వెడల్పు చేసిన నాటి మెరుగుదలను బట్టి భవిష్యత్తును లెక్కకట్టలేం, ఎందుకంటే సిర గోడలో కణాలు మళ్లీ పెరిగి దారిని మూసేస్తుంటాయి. వాటి పెరుగుదలను అణచడానికి సిరోలిమస్ వంటి మందులు కొన్ని కేంద్రాల్లో వాడుతున్నారు. కొన్నాళ్లకు మళ్లీ క్యాథటర్ వేసినప్పుడు తొలి కొలతలతో పోల్చి చూస్తేనే జబ్బు ఆగిందో, పాకుతోందో తెలుస్తుంది. అమలాపురం నుంచి కాకినాడకు, అక్కడి నుంచి విశాఖకో హైదరాబాదుకో బిడ్డను తీసుకెళ్లే తల్లిదండ్రులు, డిశ్చార్జి కాగితంతో సరిపెట్టుకోకుండా, ఒక్కొక్క సిరలో కొలిచిన ఒత్తిళ్ల నివేదికనూ, ఆ చిత్రాల సీడీనీ అడిగి తీసుకుని భద్రపరచాలి.